వదిలేసిన చేప మునగడం లేదా?

తిరుపతి నుంచి తూపిలిపాలెం వెళ్లి, పడవ కట్టుకుని లోతులో గాలం వేసే మనవాళ్ల కోసం ఇది. చిన్న గ్రూపరో స్నాపరో పడితే, పెరగనీలే అని వదిలేస్తాం. అది వెల్లకిలా తేలుతుంటే మాత్రం వదిలినట్టు కాదు, గద్దకు వేసినట్టే. అలా తేలుతున్న చేపను వెనక్కి తిరిగి చూసిన రోజు నాకింకా గుర్తుంది.

సమస్య: పొట్ట ఉబ్బింది, కళ్లు పొడుచుకొచ్చాయి, నోట్లోంచి తిత్తిలాంటిది బయటికొచ్చింది.

కారణం: ప్రతి 10 మీటర్ల లోతుకు, అంటే అయిదున్నర బారలకు, ఒక వాతావరణం ఒత్తిడి (నీటి పైన గాలి మోపేంత బరువు) పెరుగుతుంది. 30 మీటర్ల కింద ఒత్తిడి పైనకంటే నాలుగింతలు. అక్కడి నుంచి పైకి లాగితే చేప గాలితిత్తిలోని (నీటిలో తేలడానికి తోడ్పడే లోపలి సంచిలోని) గాలి నాలుగింతలుగా ఉబ్బుతుంది. మన చెరువుల రోహు, కట్లలకు ఆ తిత్తి నుంచి గొంతు వైపు గొట్టం ఉంటుంది కాబట్టి గాలి వదిలేయగలవు. గ్రూపర్, స్నాపర్‌లకు ఆ దారి లేదు. వంజరానికైతే గాలితిత్తే ఉండదు, దానికి ఈ బాధ రాదు.

నోట్లోంచి వచ్చింది గాలితిత్తి కాదు, కడుపు. దాన్ని పొడవొద్దు, చేత్తో లోపలికి తోయొద్దు.

పరిష్కారం: చేపను మళ్లీ లోతుకు దించాలి. కిందికి పోయేకొద్దీ నీటి ఒత్తిడికి ఉబ్బిన గాలి కుదించుకుపోతుంది. దీనికి మన మండీల్లో దొరికే టమాటా క్రేటు చాలు. బోర్లించి, పైకొచ్చిన అడుగుకు తాడు కట్టండి, కింది అంచులకు బరువులు కట్టండి. తేలే చేప క్రేటును ఎత్తేయలేనంత బరువుండాలి. చేపను దాని కింద పెట్టి, పట్టిన లోతు దాకా దింపండి, కుదరకపోతే సగం లోతుకైనా. తేరుకున్నాక తనే కిందినుంచి ఈదుకుంటూ పోతుంది.

బోలు సూదితో గాలి తీయడం ఇంకో పద్ధతి. పక్కరెక్క మొదలుకు అంగుళం, రెండంగుళాలు వెనక, పొలుసు కింద, 45 డిగ్రీల వాలులో గుచ్చాలి. కాస్త తప్పితే లోపలి అవయవాలు చిల్లుపడతాయి. చేయి తిరిగినవాళ్లు దగ్గరుండి నేర్పితే తప్ప వద్దంటాను. అమెరికాలో మెక్సికో సింధుశాఖలోని రీఫ్ (సముద్రపు అడుగు దిబ్బల) చేపలకు గాలం వేసే పడవల్లో ఈ సూదిగానీ, దించే సాధనంగానీ సిద్ధంగా ఉండాలని 2022లో చట్టమే అమల్లోకి వచ్చింది.

సమస్య: మునిగింది, కానీ నీరసంగా.

కారణం ఎక్కువగా మన చేతులే. పొడి చేత్తో, గుడ్డతో పడితే ఒంటి మీది జిగురు పోతుంది. ఫొటోల కోసం ఎండలో ఉంచితే ఊపిరాడదు. చేయి తడుపుకోండి, కొన దగ్గరి ఎదురుముల్లు నొక్కేసిన గాలం వాడండి, క్రేటును గాలం వేయకముందే తాడు కట్టి పక్కన పెట్టుకోండి.