స్ప్లిట్ ఏసీ: బిగించే రోజు ఏం చూసుకోవాలి, ఆ తర్వాత ఎలా వాడుకోవాలి

ఏసీ సరిగ్గా చల్లబరచడం లేదనగానే అందరూ ముందు అనుమానించేది గ్యాస్‌నే. ఆ తేడాల్లో చాలావాటికి బీజం మాత్రం బిగించిన రోజే పడుతుంది. సన్నటి వైరు, సరిగ్గా కుదరని ఫ్లేర్ (జాయింటు కోసం వెడల్పు చేసిన రాగి పైపు అంచు), వాటం లేని డ్రెయిన్ పైపు, వాక్యూమ్ చేయకుండా (పైపుల్లోని గాలినీ తేమనూ పంపుతో లాగేయకుండా) వదిలిన గ్యాస్: వీటిలో ఏదీ ఆ రోజు బయటపడదు. మొదటి గంట ఏ ఏసీ అయినా చల్లగానే వీస్తుంది. అందుకే ఇక్కడ బిగింపు గురించే ఎక్కువగా ఉంటుంది. రాగి పైపులు, గ్యాస్, కరెంటు పనులు శిక్షణ ఉన్నవాళ్లే చెయ్యాలి. పక్కన నిలబడి ఏది చూడాలో, ఏది అడగాలో మీకు తెలిస్తే చాలు.

ఎన్ని టన్నులు?

ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూలు, అంటే సుమారు 3.5 కిలోవాట్ల వేడిని గదిలోంచి బయటికి తోడేసే శక్తి. మామూలు ఎత్తున్న 100–120 చదరపు అడుగుల గదికి 1 టన్ను, 150–180 చదరపు అడుగుల గదికి 1.5 టన్ను అన్నది మొదటి అంచనా. పైన ఎండ కాసే శ్లాబు ఉన్నా, పడమటి వైపు పెద్ద కిటికీ ఉన్నా ఒక మెట్టు పైకి వెళ్లండి. అలాగని అవసరాన్ని మించి పెద్దది పెట్టినా సుఖం లేదు. గది గబగబా చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది. గాలిలో తేమ పోవాలంటే అది కొంతసేపు నడవాలి కదా. దాంతో చల్లగానే ఉంటుంది గానీ ఒళ్లు జిడ్డుజిడ్డుగా అనిపిస్తుంది.

కరెంటు లైను

1.5 టన్ను ఏసీ పూర్తి లోడు మీద దాదాపు 1.5–1.8 కిలోవాట్లు లాగుతుంది. 230 వోల్టుల దగ్గర అది 7–8 ఆంపియర్లు. ఇన్వర్టర్ (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునేది) కాని మోడల్ అయితే కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. పైగా ఇది మిక్సీలాగా రెండు నిమిషాల పని కాదు, రాత్రంతా నడిచే లోడు. కాబట్టి డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి ఏసీకే విడిగా లైను రావాలి. 1.5 టన్నుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించండి. 1 టన్ను అయి, దూరం తక్కువైతే 2.5 సరిపోతుంది. దానికి 16 లేదా 20 ఆంపియర్ల సి టైపు ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్), దానితోపాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచేది) ఉండాలి. ఎంసీబీ కాపాడేది వైరును, ఆర్‌సీసీబీ కాపాడేది మనిషిని. ఒకటి ఉంది కదా అని రెండోది మానకూడదు.

ఎర్తింగ్ అవుట్‌డోర్ యూనిట్ దాకా వెళ్లాలి. సాకెట్‌లో ఎర్త్ లేదని న్యూట్రల్ నుంచే ఒక ముక్క లూప్ చేసే అలవాటు కొందరికి ఉంది. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే యూనిట్ ఇనుప బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది. అలా చేస్తుంటే అక్కడికక్కడే ఆపించండి.

వైరు కన్నా ముందు కాలేది దాదాపు ఎప్పుడూ జాయింటే. పోగుల వైరును టెర్మినల్‌లో దూర్చేటప్పుడు రెండు మూడు పోగులు పక్కకు తప్పుకుంటాయి. మిగిలిన వాటి మీద స్క్రూ సగం బిగుస్తుంది. అక్కడ వేడి పుట్టి, వేడికి స్క్రూ ఇంకా వదులై, ఆ వదులుకు మరింత వేడి పుడుతుంది. కొన్ని నెలలకు ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది. పోగులన్నీ కలిపి లగ్ (వైరు చివర నొక్కి బిగించే లోహపు తొడుగు) వేసి బిగించమనండి. ఏసీ గంటసేపు నడిచాక ఆపి, ప్లగ్ తీసి, పిన్నులను కాకుండా దాని ప్లాస్టిక్ బాడీని చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడి ఉన్నా, రంగు మారినా సాకెట్ మార్చాల్సిందే. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఏసీ నడపడం మాట ఎత్తనే వద్దు. ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని 32 ఆంపియర్లది పెట్టించడం మరీ ప్రమాదం. పడిపోవడానికి కారణం అలాగే ఉంటుంది, ఈసారి కాలేది గోడలోని వైరు.

ఎక్కడ బిగించాలి

ఇండోర్ యూనిట్ నేల నుంచి 7–8 అడుగుల ఎత్తున ఉండాలి. పైకప్పుకూ దానికీ మధ్య కనీసం 15 సెంటీమీటర్లు, పక్కలకు 10–12 సెంటీమీటర్లు వదలాలి. గాలి పీల్చుకునేది పైనుంచే, అందం కోసం శ్లాబుకు ఆనించి పెడితే ఊపిరాడదు. టీవీకీ, స్విచ్‌బోర్డుకూ సరిగ్గా పైన వద్దు. ఎప్పుడో ఒకప్పుడు నీళ్లు కారతాయి.

గోడకు కొట్టే బెజ్జం సుమారు 65 మిల్లీమీటర్లు ఉంటుంది. అది లోపలి నుంచి బయటికి కొద్దిగా, ఓ 5–7 మిల్లీమీటర్లు, కిందికి వాలాలి. డ్రిల్ పెట్టకముందే గోడలో వైర్లూ, పైపులూ ఎటు పోతున్నాయో ఎలక్ట్రీషియన్‌ని అడగండి. పని అయ్యాక బెజ్జం చుట్టూ పుట్టీ పెట్టించండి. లేదంటే వానా, ఎలుకలూ లోపలికి వస్తాయి.

డ్రెయిన్ పైపుకు వాటం మొదటి నుంచి చివరి దాకా ఒకే దిక్కుగా ఉండాలి. మధ్యలో ఒక్కచోట జారిపడి మళ్లీ పైకి లేస్తే ఆ వంపులో నీళ్లు నిలిచి పాచి పడుతుంది. పైపు చివర బకెట్ నీళ్లలో మునిగి ఉండకూడదు. మురుగు గొట్టానికి కలపాల్సివస్తే మధ్యలో ట్రాప్ (నీళ్లు నిలిచి వాసనను ఆపే వంపు) ఉండాలి. లేకపోతే దుర్వాసనతో పాటు ఆ వాయువులు లోపలికి వచ్చి రాగి కాయిల్‌ను తినేస్తాయి. టెక్నీషియన్ వెళ్లేలోపు లోపలి ట్రేలో ఒక లీటరు నీళ్లు నెమ్మదిగా పోయించి, అవన్నీ బయటికి వచ్చాయో లేదో చూడండి. అయిదు నిమిషాల పని, కానీ అడగకపోతే ఎవరూ చేయరు.

అవుట్‌డోర్ యూనిట్ 25–40 కిలోల బరువు ఉంటుంది, పైగా నడిచినంతసేపూ అదురుతుంది. బ్రాకెట్ బోల్టులు కాంక్రీటులోకో గట్టి ఇటుక గోడలోకో దిగాలి. బోలు ఇటుకల గోడకూ, పెచ్చులూడే పాత గోడకూ యాంకర్ బోల్టు పట్టు ఉండదు. అలాంటి చోట గోడ అవతలి దాకా బోల్టు వేసి, వెనక ప్లేటు పెట్టి బిగించాలి. అడుగున రబ్బరు ముక్కలు పెట్టించండి. ముందువైపు వదిలే వేడిగాలికి కనీసం రెండు మూడు అడుగులు ఖాళీ ఉండాలి. ఇరుకు సందులో పెడితే వదిలిన వేడినే మళ్లీ పీల్చుకుంటుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, మిట్టమధ్యాహ్నం ట్రిప్ అవుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, సర్వీసుకు వచ్చే మనిషి నిలబడి పని చేయగల చోటు చూడండి. నాలుగో అంతస్తు గోడకు వేలాడే యూనిట్‌ను ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు ప్రాణాలకు తెగించి కడగాలి. సేఫ్టీ బెల్టు లేకుండా ఎవరినీ బయటికి దిగనివ్వకండి. పని జరుగుతుండగా కింద ఎవరూ తిరగకూడదు.

పైపులు, గ్యాస్

1.5 టన్నుకు ఎక్కువగా పావు అంగుళం, అర అంగుళం రాగి పైపులు వాడతారు. 1 టన్నుకు పావు, మూడెనిమిదో వంతు అంగుళం. రెండింటికీ విడివిడిగా ఇన్సులేషన్ ఉండాలి. సన్న పైపు మీదా తొడుగు ఎందుకంటే, చాలా స్ప్లిట్ ఏసీల్లో గ్యాస్ వ్యాకోచించేది అవుట్‌డోర్ యూనిట్‌లోనే. అందువల్ల ఆ పైపు కూడా చల్లగానే ఉండి చెమరుస్తుంది.

పైపును ట్యూబ్ కటర్‌తోనే కోయాలి, రంపంతో కాదు. కోసిన అంచున లోపలివైపు మిగిలిన పదునును పైపు నోరు కిందికి వంచి గీకాలి, పొడి లోపలికి పోకుండా. ఫ్లేర్ నట్ ముందు తొడిగి తర్వాత ఫ్లేర్ చెయ్యాలి. ఆ అంచు మీద ఏసీ ఆయిల్ ఒక చుక్క వేసి, నట్‌ను చేత్తో వీలైనంత తిప్పాక రెండు స్పానర్లతో బిగించాలి. టార్క్ స్పానర్ ఉంటే పావు అంగుళానికి 14–18, అర అంగుళానికి 49–61 న్యూటన్ మీటర్లు. ఎక్కువ బిగిస్తే రాగి చీలుతుంది, తక్కువైతే కారుతుంది. ఫ్లేర్ మీద టెఫ్లాన్ టేపు చుడుతుంటే ఆ జాయింటు మీద చుట్టేవాడికే నమ్మకం లేదన్నమాట. తీయించి మళ్లీ చేయించండి.

లీకు పరీక్షకు పొడి నైట్రోజన్ నింపి, జాయింట్ల మీద సబ్బు నురగ రాయాలి. ఆక్సిజన్ సిలిండర్ మాత్రం దగ్గరకు కూడా రానివ్వకూడదు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె తగిలితే పేలుతుంది.

ఇక వాక్యూమ్. ఎక్కువమంది ఎగ్గొట్టే పని ఇదే. అవుట్‌డోర్ యూనిట్‌లోని గ్యాస్‌నే కాస్త వదిలి పైపుల్లో గాలిని తోసేస్తారు. గాలి పోతుందేమో గానీ తేమ పోదు. ఆ తేమ కంప్రెసర్ ఆయిల్‌తో కలిసి ఆమ్లంగా మారి వైండింగును తింటుంది. కేపిలరీ అనే సన్నటి గొట్టంలో గడ్డకట్టి దారి మూసేస్తుంది. వాక్యూమ్ పంపు కనీసం 15–20 నిమిషాలు నడవాలి, మైక్రాన్ గేజ్ (వాక్యూమ్‌ను కొలిచేది) 500 కిందికి దిగాలి. పంపు ఆపి పది నిమిషాలు ఆగితే ముల్లు దాదాపు కదలకూడదు. అప్పుడే వాల్వులు తెరవాలి. ఏసీల్లో వాడే గ్యాసుల్లో ఆర్-32కు నిప్పంటుకునే గుణం కొంత ఉంది, ఆర్-290కి చాలా ఉంది. వాటిని గాల్లోకి వదలడం ఎలాగూ తప్పే.

యూనిట్ మీది ప్లేటులో ఏ గ్యాస్ రాసి ఉంటే అదే నింపాలి. ఆర్-32 ఒత్తిడి పాత ఆర్-22 కన్నా సుమారు 1.6 రెట్లు ఎక్కువ, పాత గేజులూ గొట్టాలూ దానికి చాలవు. ప్లేటు మీది బరువు ప్రకారం కాటా పెట్టి నింపాలి. పైపు పొడవు పెరిగితే మీటరుకు ఎన్ని గ్రాములు కలపాలో మాన్యువల్‌లో ఉంటుంది.

అన్నీ అయ్యాక 20 నిమిషాలు నడిపించి, లోపలికి పోయే గాలికీ బయటికి వచ్చే గాలికీ తేడా థర్మామీటర్‌తో కొలవండి. పూర్తి లోడు మీద 8–12 డిగ్రీలు ఉంటే బాగున్నట్టు.

వాడకం

24–26 డిగ్రీల దగ్గర పెట్టి సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిగా తిప్పుకుంటే చాలామందికి హాయిగా ఉంటుంది. 16 పెట్టినంత మాత్రాన మామూలు ఏసీ ఎక్కువ వేగంతో చల్లబరచదు, ఎక్కువసేపు ఆగకుండా నడుస్తుందంతే. ఆపిన వెంటనే ఆన్ చేయకండి. లోపలి ఒత్తిళ్లు సమం కావడానికి 3 నిమిషాలు పడుతుంది. ముసురు రోజుల్లో డ్రై మోడ్ మేలు.

చాలా స్ప్లిట్ ఏసీలు కొత్త గాలి తీసుకురావు, గదిలోదాన్నే తిప్పుతాయి. కాబట్టి రోజూ కాసేపు కిటికీలు తెరవాలి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి, జనరేటర్ పెట్టడం ప్రాణాంతకం. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే చంపేస్తుంది. కాలిన వాసన వస్తే రిమోట్ వెతుక్కోకుండా ఎంసీబీ దించేయండి, నీళ్లు మాత్రం చల్లకండి.

శుభ్రం

ఫిల్టర్లు రెండు వారాలకోసారి కడగాలి. వేడినీళ్లు, ఎండ రెండూ వాటిని వంకర తిప్పుతాయి, నీడలోనే ఆరబెట్టాలి. అంతకు మించిన పనికి ముందు ఎంసీబీ దించాలి. అవుట్‌డోర్ మూత విప్పడం టెక్నీషియన్ పని. ఇన్వర్టర్ బోర్డు కెపాసిటర్లలో కరెంటు ఆపిన తర్వాత కూడా కొన్ని నిమిషాలు 300 వోల్టులకు పైగా ఉంటుంది. అవుట్‌డోర్ కాయిల్‌ను మామూలు ఒత్తిడి నీళ్లతో కడగాలి, జెట్ దగ్గరగా పెడితే ఫిన్స్ (కాయిల్ మీది పల్చటి రేకులు) పడుకుంటాయి. మండే స్ప్రేలు ఇండోర్ యూనిట్‌లో కొట్టకూడదు. బోర్డు దగ్గర బల్లులు, ఎలుకలు దూరిన ఆనవాళ్లు ప్రతి సర్వీసులోనూ చూడమనండి.

తేడా వస్తే

"ఏడాదికోసారి గ్యాస్ పట్టించాలి" అన్న మాట నమ్మకండి. సిస్టమ్ మూసి ఉంటుంది, గ్యాస్ అరిగిపోయే వస్తువు కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. అది పట్టుకోకుండా నింపితే మళ్లీ పోతుంది.

కాయిల్ మీద మంచు కడితే ముందు ఫిల్టర్ చూడండి. గాలి చాలకపోయినా, గ్యాస్ తగ్గినా ఒకే లక్షణం కనిపిస్తుంది. ఏసీ ఆపి ఫ్యాన్ మోడ్‌లో మంచు కరిగించి, ఫిల్టర్ కడిగి నడపండి. మళ్లీ కడితే అప్పుడు లీకు సంగతి. నీళ్లు గదిలోకి కారితే నూటికి తొంభై పాళ్లు డ్రెయిన్‌లో పాచే. ఆన్ చేయగానే ఆర్‌సీసీబీ పడిపోతే మళ్లీ మళ్లీ పైకి ఎత్తకండి, ఇన్సులేషన్ ఎక్కడో పోయింది.

ఇల్లు మారేటప్పుడు గ్యాస్‌ను అవుట్‌డోర్ యూనిట్‌లోకి లాగి బంధించడాన్ని పంప్ డౌన్ అంటారు. సన్న పైపు వాల్వు ముందు మూసి, ఏసీ కూలింగ్ మీద నడుస్తుండగా గేజ్ సున్నా దగ్గరికి రాగానే లావు పైపు వాల్వు మూసి, వెంటనే కంప్రెసర్ ఆపాలి. కంప్రెసర్ తిరుగుతుండగా పైపు విప్పితే లోపలికి గాలి పోతుంది. గాలీ నూనే కలిసి నొక్కుకుపోయి కంప్రెసర్ బాంబులా పేలుతుంది. వాల్వులు రెండూ మూసి, ఎంసీబీ దించి, ఆ తర్వాతే నట్లకు స్పానర్ పెట్టాలి.