కుందేలు మెత్తని పెంటికలు తినకుండా వదిలేస్తోందా? ఇలా చేయండి

మా కుందేలు జున్ను వెనక బొచ్చుకు నల్లగా, జిగురుగా ఏదో అంటుకుని కనిపించిన రోజు ఇంట్లో తలో వైద్యం చెప్పాం. "విరేచనాలు పట్టుకున్నాయి, కాస్త పెరుగన్నం పెట్టు" అంది అమ్మ. అరటిపండు పెడితే కట్టుకుంటుందన్నాను నేను. రెండూ పెట్టాం. మూడో రోజుకల్లా గూడంతా అదే, దగ్గరికెళ్తే ముక్కు మూసుకోవాల్సిన వాసన. అవి అసలు విరేచనాలే కావని, మనం మనుషులకు చేసే చిట్కాలే కుందేలుకు ఎదురు తిరిగాయని ఆ తర్వాత తెలిసింది.

కుందేలు రెండు రకాల పెంటికలు వేస్తుంది. గుండ్రంగా, పొడిగా, శనగల్లా ఉండేవి మనం రోజూ ఊడ్చేవి. రెండోవి మెత్తగా, నల్లగా, మెరుస్తూ చిన్న ద్రాక్షగుత్తిలా అతుక్కుని ఉంటాయి. వీటినే సీకోట్రోప్‌లు అంటారు. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట కుందేలుకు సీకం అనే పెద్ద సంచి ఉంటుంది. గడ్డిలోని మెత్తని భాగం అందులో పులుస్తుంది. మన ఇడ్లీపిండి రాత్రంతా పులిసినట్టే, అక్కడా పని చేసేది సూక్ష్మజీవులే. అలా తయారైన మెత్తని పెంటికల్లో ప్రోటీన్, బి విటమిన్లు ఉంటాయి. కుందేలు తల వంచి, అవి బయటికి వస్తుండగానే నోటితో అందుకుని నమలకుండా మింగేస్తుంది. చాలావరకు రాత్రిపూటో, పగలు పడుకున్నప్పుడో జరిగే పని కాబట్టి మన కంట పడదు. చూసినా ఛీ అనుకోవద్దు, తిట్టి ఆపొద్దు. అది దాని భోజనంలో సగం పని.

అంటే మెత్తని పెంటికలు రావడం జబ్బు కాదు. అవి రోజూ గూట్లో మిగిలిపోవడమే సమస్య.

1. ముందు అవి ఏమిటో తేల్చుకోండి

పొద్దున్నే గూడు ఊడ్చే ముందు ఒక నిమిషం చూడండి. గుండ్రటి పొడి పెంటికలు మామూలుగానే ఉండి, వాటి మధ్య మెత్తని గుత్తులు, లేదా నలిగి ముద్దయినవి కనిపిస్తే తిండిలోనో, కుందేలు ఒళ్లు వంగడంలోనో ఏదో తేడా ఉంది. టెన్షన్ పడక్కర్లేదు, టైముంది.

పొడి పెంటికలు అసలు లేకుండా నీళ్లలాగా పోతుంటే మాత్రం అది నిజమైన విరేచనం. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. పిల్ల కుందేలైతే ఒక్క పూట కూడా ఆగొద్దు. సంతల్లో నాలుగు వారాలు కూడా నిండని పిల్లల్ని తల్లి నుంచి విడదీసి అమ్ముతుంటారు. వాటి పేగు ఇంకా గడ్డికి అలవాటు పడదు. అలాంటి పిల్ల పొద్దున నీళ్ల విరేచనాలు మొదలై సాయంత్రానికి చనిపోవచ్చు. కొనేవాళ్లు ఎనిమిది వారాలు నిండిన పిల్లనే అడగండి.

మూడో రకం ఇంకా ప్రమాదం, ఎందుకంటే గూడు శుభ్రంగా కనిపిస్తుంది. పెంటికలు చిన్నవైపోతాయి, తర్వాత ఆగిపోతాయి. కుందేలు మూలన ముడుచుకుని కూర్చుంటుంది, పళ్లు గట్టిగా నూరుతుంది, ఇష్టమైన కొత్తిమీర పెట్టినా మొహం తిప్పుకుంటుంది. పేగు కదలిక మందగించిందని అర్థం. 10–12 గంటలుగా తినకపోయినా, పెంటికలు వేయకపోయినా రేపటి దాకా చూద్దాం అనుకోవద్దు.

2. వెనక భాగం శుభ్రం చేయండి, స్నానం చేయించొద్దు

కుందేలుని బకెట్లో ముంచితే భయంతోనే సగం చచ్చిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదినో, మెత్తని గుడ్డనో అంటుకున్న చోట కొన్ని నిమిషాలు ఉంచండి. నానాక మెల్లగా తుడవండి. ఎండిపోయిన ముద్దని లాగితే బొచ్చుతో పాటు చర్మం కూడా వస్తుంది, వాటి చర్మం అంత పల్చన. పట్టుకునేటప్పుడు వెనక కాళ్ల కింద చెయ్యి ఆనించాలి. గట్టిగా తన్నుకుంటే నడుము విరిగే ప్రమాదం ఉంది. చివర్లో పొడి తువ్వాలుతో తడి లేకుండా ఒత్తండి.

ఇది అందం కోసం చేసే పని కాదు. మన వాతావరణంలో, ముఖ్యంగా వానాకాలంలో, ఆ వాసనకి ఈగలు వచ్చి బొచ్చులో గుడ్లు పెడతాయి. ఒక్క రోజులోనే పురుగులై చర్మాన్ని తొలిచేస్తాయి. అందుకే సమస్య తగ్గేదాకా రోజుకు రెండుసార్లు వెనక్కి తిప్పి చూడాలి. పురుగు కనిపిస్తే ఇంట్లో వైద్యం వద్దు, ఆసుపత్రికి వెళ్లండి. కుక్కలకు గోమార్ల కోసం వాడే ఫిప్రోనిల్ స్ప్రే కొట్టొద్దు, అది కుందేళ్లకు విషం.

3. నిన్న ఏం తిన్నదో కాగితం మీద రాయండి

అసలు పని ఇదే. రాయమంటే నవ్వుతారు గానీ, రాస్తేనే బయటపడుతుంది. మా ఇంట్లో రాస్తే వచ్చిన జాబితా: గిన్నె నిండా పెల్లెట్లు (కుందేళ్లకని అమ్మే గుళికల మేత), ఒక క్యారెట్, రెండు మారీ బిస్కెట్లు, నాన్న టిఫిన్ చేస్తూ విదిల్చిన చపాతీ ముక్క. గడ్డి? గుప్పెడు.

పిండిపదార్థం, చక్కెర ఎక్కువై పీచు తక్కువైతే సీకంలో పులిసే తీరు మారిపోతుంది. మెత్తని పెంటికలు జావలా, జిగటగా తయారవుతాయి. అలాంటివి కుందేలు అందుకోలేదు. లేదా తిండితోనే కడుపు నిండిపోయి వాటి అవసరమే లేనట్టు వదిలేస్తుంది. రెండింటికీ మందు ఒకటే: గడ్డి.

అన్నం, బ్రెడ్, బిస్కెట్, చపాతీ, శనగలు, అటుకులు, పాలు, పెరుగు ఈ రోజే ఆపేయండి. పండ్లు, క్యారెట్ కూడా సమస్య తగ్గేదాకా వద్దు. కుందేలంటే క్యారెట్ తినాల్సిందే అనే చుట్టాలతో వాదన పెట్టుకోకండి, వాళ్లు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

పెల్లెట్లను మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు. రెండు వారాల్లో కొంచెం కొంచెంగా తగ్గించండి. పెద్ద కుందేలుకు కిలో బరువుకి రోజుకు 25 గ్రాములు మించకూడదు. మెత్తనివి మిగులుతూనే ఉంటే అంతకన్నా తగ్గించాలి. గడ్డి తినాలని పస్తు పెట్టడం మాత్రం అస్సలు వద్దు. పేగు ఖాళీగా ఉంటే ఆగిపోతుంది, లావు కుందేలైతే కాలేయం దెబ్బతింటుంది.

4. గడ్డి ఎక్కడ దొరుకుతుంది?

తిండిలో 80 శాతానికి పైగా గడ్డే ఉండాలి. రోజుకు కనీసం దాని ఒంటి సైజంత కుప్ప ముందుండాలి, అదీ ఎప్పుడూ. ఆన్‌లైన్‌లో దొరికే తిమోతి హే (తిమోతి అనే రకం ఎండుగడ్డి) మంచిదే కానీ ఖరీదు. ఓట్ హే కాస్త చవక. ఏదీ కుదరకపోతే మన గరిక ఉంది. వినాయక చవితికి కట్టలు కట్టి అమ్మేదే. పురుగుమందు కొట్టని, కుక్కలు తిరగని చోట కోసి, కడిగి, నీడలో ఆరబెట్టుకుంటే డబ్బాల కొద్దీ దాచుకోవచ్చు. పచ్చి గరిక కూడా పెట్టొచ్చు, కాకపోతే అలవాటు లేని కుందేలుకు కొద్దికొద్దిగా మొదలుపెట్టండి. లాన్ మిషన్‌తో కోసిన గడ్డి వద్దు, అది నలిగి గంటల్లో మురుగుతుంది. వరిగడ్డి కిందపరచడానికి బాగుంటుంది గానీ, దాన్నే ప్రధాన తిండిగా పెడితే బలం చాలదు. లూసర్న్ పశువులకు భేషైన మేత. పెద్ద కుందేలుకు మాత్రం అందులో ప్రోటీన్, కాల్షియం మరీ ఎక్కువ.

ఆకుల్లో కొత్తిమీర, పుదీనా, తులసి అలవాటున్నంత వరకు కొనసాగించండి. నీళ్లు సీసాలో కన్నా బరువైన గిన్నెలో పెడితే ఎక్కువ తాగుతుంది.

5. తిండి సరిచేసినా తగ్గకపోతే ఒళ్లు చూడండి

ఒక్కోసారి పెంటిక బాగానే ఉంటుంది, కుందేలుకే నోరు అందదు. లావెక్కి నడుము వంగకపోవచ్చు. వయసు మీద పడి కీళ్ల నొప్పులు ఉండొచ్చు. ఆపరేషన్ తర్వాత మెడకు తొడిగిన కాలర్ అడ్డొచ్చినా ఇంతే. పళ్లు మరో కారణం. ముందు పళ్లు వారానికి 2–3 మిల్లీమీటర్లు పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే పళ్లన్నీ సరిగ్గా అరుగుతాయి. వెనక దవడ పళ్లకు మొనలు లేస్తే నాలుక కోసుకుపోయి గడ్డి మానేస్తుంది. చొంగ కారుతూ గడ్డం తడిగా ఉంటే అదే అయి ఉండొచ్చు.

ఎండ సంగతి వేరే చెప్పాలి. 30 డిగ్రీలు దాటితేనే కుందేలు ఇబ్బంది పడుతుంది, మన మే నెలలో 42 దాటుతుంది. వేడికి తిండి తగ్గుతుంది, తిండి తగ్గితే పేగు ఆగుతుంది. నీళ్ల సీసా ఫ్రీజర్లో గడ్డకట్టించి, గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. జున్ను దానికి ఆనుకుని మధ్యాహ్నమంతా పడుకుంటుంది.

6. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు

పశువుల డాక్టర్లందరికీ కుందేళ్లతో అలవాటు ఉండదు. ఫోన్ చేసి కుందేళ్లను చూస్తారా అని ముందే అడగండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలోని పశువైద్య కళాశాలల్లో అడిగి చూడండి. ఆ రోజు పెంటికలు చిన్న డబ్బాలో వేసుకెళ్లండి, కాక్సిడియా (పేగులో చేరే పరాన్నజీవి) పరీక్షకి పనికొస్తాయి. రాసిన తిండి జాబితా కూడా చూపించండి.

ఇంట్లో మిగిలిన మనుషుల యాంటీబయోటిక్ వేయొద్దు. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ లాంటివి నోటి ద్వారా ఇస్తే సీకంలోని మంచి సూక్ష్మజీవులు చచ్చి కుందేలు ప్రాణానికే వస్తుంది. ఎవరైనా రాస్తే, ఇది కుందేలుకు ఇవ్వొచ్చా అని ఒక మాట అడగడంలో మొహమాటం వద్దు. కడుపు ఉబ్బి గట్టిగా ఉంటే సిరంజితో బలవంతంగా తాగించొద్దు. కుందేలు వాంతి చేసుకోలేదు, లోపల అడ్డం పడి ఉంటే ఇంకా కష్టం.

జున్నుకు మొత్తం మూడు వారాలు పట్టింది. నాలుగో వారంలో ఒక సాయంత్రం నాన్న ఎవరూ చూడకుండా సగం బిస్కెట్ పెట్టారు. పొద్దున్నే గూట్లో నల్లటి గుత్తి ఒకటి కనిపించింది. నేనేం అనకుండా చీపురు ఆయన చేతికిచ్చాను.