మీది కాని రంగంలో రీసెర్చ్ పేపర్ చదవడం ఎలా

మీ సబ్జెక్టు కాని పేపర్ చేతికొచ్చినప్పుడు మొదటి లైన్ నుంచి వరసగా చదవడం మొదలుపెట్టకండి, మూడో పేజీ దాటడం కష్టం. తెలియని మాటలు అడ్డొస్తాయని కాదు, మాటలదేముంది, వెతికితే దొరుకుతాయి. అసలు చిక్కు ఏంటంటే ఆ రంగం వాళ్లు దేన్ని రుజువు అంటారో మనకు తెలియదు. అది తెలియకుండా చదివితే మన తూకంరాళ్లతో వాళ్ల సరుకు తూస్తాం. ఇంజనీరింగ్ చదివినవాళ్లు చరిత్ర పేపర్ చూసి "డేటా ఏదీ?" అంటారు, సాహిత్యం చదివినవాళ్లు మందుల ట్రయల్ పేపర్ చూసి "అన్నీ టేబుళ్లే, వాదన ఎక్కడుంది?" అంటారు. ఇద్దరూ తెలివైనవాళ్లే, కానీ వెతికే చోటు తప్పు.

నేను కొన్నేళ్లుగా వారానికొక పేపర్, నాకు ఏ సంబంధమూ లేని రంగం నుంచి, చదువుతున్నాను. ఒక వారం నక్షత్రాలు, ఒక వారం వ్యాకరణం, ఆ పై వారం చీమలు. అలా చదవగా చదవగా కుదిరిన పద్ధతి ఇది.

ముందు కాగితం మీద ఒక ప్రశ్న రాసుకోండి: ఈ రంగంలో ఏం చూపిస్తే మిగతావాళ్లు "సరే, ఒప్పుకున్నాం" అంటారు? దీనికి జవాబు దొరికేదాకా పేపర్లోకి దిగొద్దు.

గణితంలో అయితే నిరూపణ కావాలి, ఇంకేదీ చెల్లదు. 2 కంటే పెద్దదైన ఏ సరి సంఖ్యనైనా రెండు ప్రధాన సంఖ్యల మొత్తంగా రాయొచ్చు అన్నది గోల్డ్‌బాక్ ఊహ. 4 పక్కన 18 సున్నాలు పెడితే వచ్చే సంఖ్య దాకా కంప్యూటర్లతో సరిచూశారు, ఒక్కచోట కూడా తప్పలేదు. అయినా 1742 నుంచి ఇప్పటిదాకా దాని పేరు ఊహే. అదే కణ భౌతికశాస్త్రానికి వస్తే లెక్క వేరు. అక్కడ కొత్త కణం కనిపెట్టామని చెప్పాలంటే "ఐదు సిగ్మా" గీత దాటాలి. అంటే నిజానికి ఏ కొత్త కణమూ లేకుండా, కేవలం కాకతాళీయంగా అంత బలమైన సంకేతం కనబడే అవకాశం సుమారు 35 లక్షల్లో ఒకటి. 2012 జూలై 4న యూరప్‌లోని సెర్న్ అనే కణ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో హిగ్స్ లాంటి కొత్త కణం గురించి చెప్పింది ఆ గీతను అందుకున్నాకే. సైకాలజీలో, వైద్యంలో చాలా పేపర్లకు ఆ గీత 0.05, అంటే 20లో ఒకటి. ఇంత తేడా చూసి ఎవరో బద్ధకస్తులు అనుకోకూడదు. ప్రోటాన్లను కోట్ల కొద్దీ సార్లు ఢీకొట్టించొచ్చు, అన్నిసార్లు చూసినప్పుడు ఉత్తుత్తి సంకేతాలు కూడా అన్ని ఎక్కువ వస్తాయి కాబట్టి గీత పైకి జరపక తప్పదు. రోగుల్ని కోట్లలో తేలేం కదా. అయితే గీత కిందుంటే దానికీ ఒక మూల్యం ఉంటుంది: 2015లో సైకాలజీలోని 100 అధ్యయనాల్ని మళ్లీ చేసి చూస్తే 36 శాతం వాటిల్లోనే ఫలితం ఆ గీత దాటింది. అందుకే ఈ రంగాల్లో ఒక్క పేపర్ చదివి దేన్నీ నమ్మకండి, అదే ప్రయోగం ఇంకెవరైనా చేశారా అని తప్పకుండా వెతకండి.

చరిత్రలో ప్రయోగం చేసే వీలే లేదు. మరి రుజువెలా? నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ చెప్తాను. నాలుగో శతాబ్దపు రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ పశ్చిమ సామ్రాజ్యం మీద అధికారం పోప్‌కి రాసిచ్చాడంటూ ఒక దస్తావేజు వందల ఏళ్లు చెలామణి అయింది. 1440లో ఇటలీ పండితుడు లొరెంజో వల్లా దాని భాష పట్టుకున్నాడు. అందులో రోమ్ అధికారుల మధ్య "సత్రపులు" అనే మాట ఉంది, అది పర్షియాలో ప్రాంతాల పాలకులకు వాడే మాట. కాన్‌స్టాంటైన్ కాలపు రోమ్ ప్రభుత్వంలో సత్రపులెక్కడున్నారు అని అడిగాడు. ఇలాంటివి ఒక్కొక్కటే చూపిస్తూ, ఆ లాటిన్ ఆ కాలపుది కాదని, దస్తావేజు దొంగదని తేల్చేశాడు. సిగ్మాలు లేవు, శాంపిల్ లేదు, కానీ కాదనడానికి వీల్లేని పని అది. అలాగే మానవశాస్త్రం పేపర్ చేతిలో పెట్టుకుని "ఎంతమందిని సర్వే చేశారు?" అని అడిగితే ప్రశ్నే తప్పు. మానవశాస్త్రవేత్త బ్రోనిస్లా మలినోవ్‌స్కీ 1915, 1918 మధ్య న్యూగినీ దగ్గరున్న ట్రోబ్రియాండ్ దీవుల్లో రెండేళ్ల దాకా అక్కడివాళ్ల మధ్యే ఉండి వాళ్ల భాష నేర్చుకుని రాశాడు. అక్కడ అడగాల్సింది: ఎన్నాళ్లున్నారు, భాష వచ్చా, ఎవరితో మాట్లాడారు, ఎవరితో మాట్లాడలేకపోయారు.

రుజువు ఏమిటో తెలిశాక అది పేపర్లో ఎక్కడ దాగుంటుందో చూడండి. మందుల ట్రయల్ అయితే సారాంశం తర్వాత నేరుగా టేబుల్ 1కి వెళ్లిపోండి, సాధారణంగా ట్రయల్‌లో ఎవరున్నారో, వయసెంతో, జబ్బు ఎంత ముదిరిందో అక్కడే ఉంటుంది. అందరూ నలభై లోపు వాళ్లే అయితే డెబ్భై ఏళ్ల మనిషికి ఆ ఫలితం వర్తిస్తుందో లేదో మీకే అర్థమవుతుంది. గణితం పేపర్లో సిద్ధాంత వాక్యం చదివి, "అయితే" ముందున్న షరతులు చూసి, నిరూపణ ప్రస్తుతానికి వదిలేయండి. చరిత్ర పేపర్లో ఫుట్‌నోట్లు వదలకండి, ఏ కాగితాలు తిరగేశారో అక్కడే తెలుస్తుంది. కంప్యూటర్ సైన్స్‌లో దేనితో పోల్చారు అన్నది చూడాలి, బలహీనమైన పాత పద్ధతితో పోల్చుకుని గెలవడం ఎవరికైనా తేలికే. ఎకనామిక్స్‌లో కారణాన్ని మిగతా వాటినుంచి ఎలా వేరుచేశారో చెప్పే భాగమే గుండెకాయ.

పేర్ల వరస గురించి కూడా ఒక మాట. జీవశాస్త్రంలో మొదటి పేరు సాధారణంగా పని చేసిన మనిషిది, చివరి పేరు ల్యాబ్ నడిపేవారిది. గణితంలో, ఎకనామిక్స్‌లో ఎక్కువగా అక్షర క్రమమే, కాబట్టి అక్కడ మొదటి పేరు చూసి గొప్ప అంచనా వేయకండి. హిగ్స్ ద్రవ్యరాశి మీద 2015లో వచ్చిన పేపర్‌కి 5,154 మంది రచయితలు. మొత్తం 33 పేజీల్లో 24 పేజీలు వాళ్ల పేర్లు, సంస్థలే.

ఎక్కడ అచ్చయిందన్నదీ అన్ని రంగాల్లో ఒకేలా ఉండదు. కంప్యూటర్ సైన్స్‌లో పెద్ద కాన్ఫరెన్స్ పేపర్ జర్నల్‌తో సమానం, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే. గణితవేత్త గ్రిగొరి పెరెల్మాన్ పాయింకారే ఊహ నిరూపణను 2002, 2003ల్లో ఆర్కైవ్ (arXiv) అనే వెబ్‌సైట్‌లో ప్రీప్రింట్లుగా, అంటే జర్నల్ పరిశీలన జరగని పేపర్లుగా, పెట్టాడు, ఏ జర్నల్‌కీ పంపలేదు. లోకమంతా ఒప్పుకుంది, ఎందుకంటే నిరూపణను ఆ రంగం తెలిసినవాళ్లెవరైనా కూర్చుని సరిచూసుకోవచ్చు. కానీ వైద్యంలో ప్రీప్రింట్ చూసి మందు మార్చేయకండి, అక్కడ మనం ఇంట్లో కూర్చుని సరిచూసుకునేదేం లేదు. ప్రచురణకర్త పేజీలో "రిట్రాక్టెడ్" (వెనక్కి తీసుకున్నాం) అని ఉందేమో కూడా చూడండి. టీకాకీ ఆటిజానికీ లంకె పెట్టిన 1998 నాటి పేపర్‌ని లాన్సెట్ అనే వైద్య జర్నల్ వెనక్కి తీసుకున్నది 2010లో, మధ్యలో పన్నెండేళ్లు!

ఇక మాటల దగ్గర జాగ్రత్త. తెలియని మాటతో ప్రమాదం లేదు, తెలిసిన మాటే ముంచుతుంది. "మోడల్" అంటే జీవశాస్త్రంలో ఎలుకో ఈగో, ఎకనామిక్స్‌లో సమీకరణాలు, కంప్యూటర్ సైన్స్‌లో శిక్షణ ఇచ్చిన ప్రోగ్రాం. "నార్మల్" అంటే డాక్టరుకి ఆరోగ్యంగా ఉన్నట్టు, జామెట్రీలో లంబరేఖ. "సిగ్నిఫికెంట్" అని గణాంకాల్లో అంటే పెద్దది అని కాదు, ముఖ్యమైనది అనీ కాదు, కాకతాళీయంగా వచ్చే అవకాశం తక్కువ అని మాత్రమే. బాగా తెలుసనిపించిన మాట కిందే పెన్సిల్ గీత పెట్టి, ఆ రంగం పాఠ్యపుస్తకంలో చూడండి.

ఇంత కష్టం ఎందుకంటారా, డాన్ స్వాన్సన్ చేసిన పని చూడండి. ఆయన డాక్టర్ కాదు, సమాచార శాస్త్రంలో ప్రొఫెసర్. చలికి వేళ్లలో రక్తనాళాలు ముడుచుకుపోయి వేళ్లు పాలిపోయే రేనాడ్ జబ్బు మీద ఒక కుప్ప పేపర్లున్నాయి, ఆ రోగుల రక్తం చిక్కగా ఉంటోందని, ప్లేట్‌లెట్లు ఎక్కువగా అతుక్కుంటున్నాయని. చేప నూనె మీద ఇంకో కుప్ప ఉంది, అది రక్తం చిక్కదనాన్ని, ప్లేట్‌లెట్లు అతుక్కోవడాన్ని తగ్గిస్తుందని. ఈ కుప్పవాళ్లు ఆ కుప్పని ప్రస్తావించడం లేదు. 1986లో స్వాన్సన్ రెండూ పక్కపక్కన పెట్టి, చేప నూనె ఈ జబ్బుకి పనికిరావచ్చని రాశాడు. 1989లో వచ్చిన ట్రయల్‌లో, వేరే జబ్బు వల్ల కాకుండా దానంతటదే రేనాడ్ వచ్చినవాళ్లు చేప నూనె తీసుకున్నాక చలిని ఇంకాస్త ఎక్కువసేపు తట్టుకున్నారు.

దీన్ని మీరూ చేయొచ్చు. నోట్‌బుక్‌లో పేజీకి మధ్య గీత గీయండి. ఎడమవైపు మీ రంగంలో తేలని సమస్య, అందులో ఏది పెరుగుతోంది, ఏది తగ్గుతోంది. కుడివైపు ఈ వారం చదివిన పేపర్లో ఏది దేన్ని పెంచింది, ఏది దేన్ని తగ్గించింది. రెండు వైపులా ఒకే మాట కనబడితే గుండ్రం చుట్టండి. వారాల తరబడి ఏమీ కనబడదు, ఫరవాలేదు.

కనబడ్డాక మాత్రం సంతోషం పట్టలేక వెంటనే రాసేయకండి, అదే విషయం పక్క రంగంలో ఇంకో పేరుతో ఎప్పటినుంచో ఉందేమో వెతకండి. 1994లో మధుమేహం మీద వచ్చే ఒక జర్నల్‌లో, వక్రరేఖ కింద వైశాల్యం లెక్కగట్టే కొత్త పద్ధతి అంటూ ఒక పేపర్ వచ్చింది. అది కాలిక్యులస్ మొదటి ఏడాదిలో చెప్పే ట్రెపిజియం సూత్రమే, వక్రరేఖ కింది చోటును ట్రెపిజియం ముక్కలుగా కోసి వైశాల్యాలు కూడటం. ఆ సూత్రం వయసు ఎంతో కూడా తర్వాత చరిత్రకారులే చెప్పారు: క్రీస్తుపూర్వం 350, 50 మధ్య కాలపు బాబిలోనియా మట్టి పలకల మీద గురుగ్రహం కదిలిన దూరాన్ని ట్రెపిజియం వైశాల్యంతో లెక్కగట్టారని 2016లో బయటపడింది.

ఎంత వెతికినా మీ సందేహం తీరలేదనుకోండి, పేపర్ మొదటి పేజీలో ఒక పేరు పక్కన నక్షత్రం గుర్తో కవరు బొమ్మో, దాని దగ్గర ఈమెయిలూ ఉంటాయి. ఆ ఐడీకి రాయండి. పొగడ్తలు రెండు పేరాలు వద్దు, ఫలానా పేజీలో ఫలానా బొమ్మ చూశాను, ఇది నాకిలా అర్థమైంది, సరేనా అని ఒక్కటే ప్రశ్న అడగండి.