ఆకలి మీద ఉన్న మందను తొలకరి పచ్చిక మీదకి తోలొద్దు

పోయిన ఆదివారం మా పక్క ఊళ్లో ఒక్క గంటలో 14 గొర్రెలు చచ్చిపోయాయి. ఫోన్ వచ్చి నేను పోయేసరికి, యాసంగి జొన్న కోసేసిన చేనులో ఒకదాని పక్కన ఒకటి పడి ఉన్నాయి. ఒక గొర్రె నోట్లో జొన్న పిలక జానెడు బయటికే ఉంది, నమలడం కూడా పూర్తి కాలేదు. డాక్టరు గారు కోసి చూస్తే నెత్తురు కుంకుమ కలిపినట్టు ఎర్రగా ఉంది. నాము తగిలింది, అంటే లేత జొన్నలోని విషం ఎక్కింది.

ఇంట్లో శుభకార్యం ఉందని ఆ రోజు మందను 11 గంటల దాకా దొడ్డిలోనే ఉంచారు. చొప్ప అయిపోయి రెండు రోజులైంది. పనుల హడావిడిలో పెద్దవాళ్లు 13 ఏళ్ల మనవడికి కర్ర చేతికిచ్చి పంపారు. మే నెల ఆఖరులో పడ్డ వానకు జొన్న కొయ్యలు మోకాలి ఎత్తు పిలకలు వేశాయి. ఎండాకాలమంతా పచ్చటి ఆకు ఎరగని జీవాలు ఒక్కసారిగా మీద పడ్డాయి. ఆ పిల్లాడు అరిచాడు, రాళ్లు విసిరాడు, తర్వాత ఇంటికి పరుగెత్తాడు. వాడి తప్పేమీ లేదు.

ముందు రోజు సాయంత్రం అదే చేనుకు అడ్డంగా ఇంకో మంద నడిచి వచ్చింది. పొద్దంతా మేసి కడుపు నిండిన మంద. దారిలో నాలుగు పరకలు కొరికి ముందుకు పోయాయి. ఒక్క జీవం కూడా తూలలేదు. చేను అదే, పిలకలు అవే. తేడా అంతా కడుపులోనే ఉంది.

19 ఏళ్లుగా పాలమూరు వైపు గోపాలమిత్రగా, అంటే ఊళ్లలో పశువులకు కృత్రిమ గర్భధారణ సూదులు వేసే మనిషిగా తిరుగుతున్నాను. మాది గొర్రెలు కాసిన ఇల్లే. దొడ్డి శుభ్రంగా ఉంచండి, మంచి నీళ్లు పెట్టండి అని మీకు తెలిసినవే మళ్లీ చెప్పను. ఈ కాలంలో ఇళ్లకు ఇళ్లను ముంచిన తప్పు ఒకటే చూశాను: ఖాళీ కడుపుతో ఉన్న జీవాలను కొత్త పచ్చిక మీదకి తోలడం.

ఎందుకు చచ్చిపోతాయి

లేత జొన్నలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. ఆకు నలగగానే అది విరిగి సయనైడ్ విషం పుడుతుంది. నెమరు వేసే పశువు పొట్టలోని సూక్ష్మజీవులు ఆ పనిని ఇంకా తొందరగా చేస్తాయి. నెత్తురులో ప్రాణవాయువు ఉన్నా ఒంట్లోని కణాలు దాన్ని వాడుకోలేవు, అందుకే నెత్తురు అంత ఎర్రగా కనపడుతుంది. కొద్దికొద్దిగా లోపలికి పోతే ఒళ్లు ఆ విషాన్ని విరిచేసుకుంటుంది. ఆకలితో ఉన్న గొర్రె నిమిషాల్లో పొట్ట నింపుకుంటుంది కాబట్టి ఒంటికి ఆ వ్యవధి దొరకదు. నీళ్లెద్దడి పడి, వానకు మళ్లీ చిగురించిన పిలకలో విషం ఎక్కువ. యూరియా చల్లిన చేనులో ఇంకా ఎక్కువ. విత్తిన జొన్న పూతకు వచ్చేదాకా దాని జోలికి పోవద్దు. ఆవులకు, గేదెలకు కూడా ఇదే మాట.

రెండోది చిటుకు రోగం. దీని క్రిమి బయటి నుంచి రావాల్సిన పని లేదు, జీవాల పేగుల్లో కొద్దిగా ఎప్పుడూ ఉంటుంది. ఎండు మేత తిన్న పొట్టకు ఒక్కసారిగా లేత గడ్డి గానీ గింజలు గానీ పడితే, అరగని పిండి పేగుల్లోకి జారుతుంది. క్రిమి దాని మీద విపరీతంగా పెరిగి విషం వదులుతుంది. సాయంత్రం గంతులేసిన పిల్ల పొద్దున్నే కాళ్లు చాపి ఉంటుంది. బక్క పిల్లలు కాదు, మందలో బాగా బలిసిన పిల్లలే ముందు పోతాయి. టీకా వానకు ముందే పడాలి. మొదటిసారి వేయించే పిల్లలకు రెండు వారాల తేడాతో రెండు డోసులు. వాన పడి, రెండు పిల్లలు చచ్చాక ఆసుపత్రికి పరుగెత్తేవాళ్లను ఏటా చూస్తున్నాను. ఆ టీకా పని చేయడానికి ఇంకో రెండు వారాలు పడుతుంది.

తోలే ముందు

పొద్దున్నే ఎంతో కొంత ఎండు మేత వేయండి. చొప్ప ముక్కలు, పల్లికట్టె, కంది పొట్టు, ఏది ఉంటే అది. తలకు అరకిలో పడినా చాలు. నీళ్లు తాగించి, మంచు ఆరాక తోలండి. తడి గడ్డి కొసల మీద నట్టల పిల్ల పురుగులు పాకి ఉంటాయి. మొదటి రోజు పచ్చికలో అరగంట చాలు. రోజూ కొంచెం పెంచుతూ వారం, పది రోజుల్లో పూర్తి మేతకు తీసుకురండి.

చొప్ప కొనడానికి డబ్బుల్లేవని నాతో చాలామంది అన్నారు. నిజమే, మే నెలలో చొప్ప ధర నాకూ తెలుసు. కానీ ఒక్క గొర్రె ఖరీదుతో మంద మొత్తానికి ఆ పది రోజుల చొప్ప వస్తుంది.

పొట్టేళ్లు కలిపే ముందు

2019 పశుగణనలో దేశంలో ఎక్కువ గొర్రెలున్న రాష్ట్రం తెలంగాణ, సుమారు 1.9 కోట్లు. తర్వాత ఆంధ్రప్రదేశ్. మన దగ్గర చాలా మందలు జూన్, జూలైలో ఎదకు వస్తాయి. 150 రోజుల లెక్కన నవంబరు, డిసెంబరులో ఈనుతాయి. అందుకే ఈ నెల తిండిలో చేసిన తప్పు శీతాకాలంలో పిల్లల లెక్కలో బయటపడుతుంది.

పచ్చిక పడితే గొర్రె ఎదకు వస్తుందని మన పెద్దలు అన్నది నిజం. ఎండాకాలంలో చిక్కిన గొర్రెకు తిండి మెరుగుపడగానే అండాలు బాగా విడుదలవుతాయి. అయితే ఆ నమ్మకంతోనే కొందరు మే నెలంతా పస్తు పెట్టి, వాన రాగానే పచ్చిక మీదకి వదిలేస్తారు. మళ్లీ అదే తప్పు. పచ్చిక కోసం ఎదురుచూడకుండా, పొట్టేలును కలపడానికి మూడు వారాల ముందు నుంచే తలకు 200 నుంచి 250 గ్రాముల దాణా పెట్టండి. మొక్కజొన్న నూక, తవుడు, కొంచెం పల్లి చెక్క, చిటికెడు ఖనిజ లవణ మిశ్రమం చాలు. మొదటి రోజు 50 గ్రాములతో మొదలుపెట్టండి. ఒకేసారి 250 పెడితే చిటుకు రోగాన్ని మీరే పిలిచినట్టు.

పొట్టేలును అందరూ మర్చిపోతారు. ఇవాళ తయారవడం మొదలైన వీర్యం పనికి రావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. మే ఎండలో నీడ లేక, తిండి లేక మాడిన పొట్టేలు జూలైలో మంద మీద ఎక్కుతుంది గానీ చూలు నిలవదు. 25, 30 గొర్రెలకు ఒక పొట్టేలు ఉండాలి. అదే మందలో పుట్టిన పొట్టేలును మళ్లీ అక్కడే వాడొద్దు.

నట్టల మందు పొట్టేలును కలపక ముందే తాగించేయండి. కలిపాక మొదటి నెలలో ఆల్బెండజోల్ పోయొద్దు, కడుపులోని పిండానికి చెరుపు. నాలుగేళ్ల కింద ఒక మందలో కలిపిన 15 రోజులకు అందరితో పాటు తాగించారు. చాలా గొర్రెలు మళ్లీ ఎదకు వచ్చాయి, కొన్ని వంకర కాళ్ల పిల్లల్ని ఈనాయి. తప్పనిసరి అయితే ఏ మందు వాడాలో డాక్టరును అడగండి.

ఇక మిగతావి వరుసగా చెప్పేస్తాను.

కలిపిన మొదటి నెల మందను లారీ ఎక్కించొద్దు. పది కిలోమీటర్లు నడిపించొద్దు.

సెప్టెంబరు ఆఖరు నుంచి చూడి గొర్రెలకు దాణా మళ్లీ మొదలుపెట్టండి. కడుపులో పిల్ల బరువులో ఎక్కువ భాగం ఆఖరి ఆరు వారాల్లోనే పెరుగుతుంది.

ఈనిన ఆవు రెండు, మూడు నెలలైనా ఎదకు రాకపోతే ముందు దాని పక్కటెముకలు చూడండి. ఎముకలు కనపడుతుంటే ఇంజెక్షన్ కాదు, తిండి కావాలి.

మడుగు నీళ్లు తాగనివ్వొద్దు. నత్తలున్న చోట కార్జపు జలగలు ఉంటాయి.

మందు కొట్టిన పత్తి చేల గట్ల మీద మేపొద్దు.

యూరియా సంచులు ఉతికిన తొట్టి, యూరియా కలిపిన బకెట్ జీవాలకు అందే చోట ఉండొద్దు.

ఆముదం చిగురు, కర్రపెండలం ఆకు ముట్టనివ్వొద్దు. కర్రపెండలంలోనూ సయనైడ్ ఉంది.

జీవం తూలుతూ, వణుకుతూ, నురుగు కక్కుతూ పడిపోతే మంద మొత్తాన్ని ముందు ఆ చేనులోంచి బయటికి లాగండి. తర్వాత పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. పడిపోయిన జీవానికి నోట్లో ఏమీ పోయొద్దు. మజ్జిగ వద్దు, బెల్లం నీళ్లు వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయి అదే చంపుతుంది.

నాముకు విరుగుడు సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్లు. నరానికి ఇవ్వాలి, డాక్టరే ఇవ్వాలి. మీ పశువుల ఆసుపత్రిలో అవి ఉన్నాయా లేవా ఈ వారమే పోయి అడగండి. లేకపోతే తెప్పించమని పట్టుబట్టండి. గొర్రె పడ్డాక అడిగే మాట కాదు అది.

చచ్చిన జీవాన్ని మీరు కోయొద్దు. ముక్కులోంచి, వెనక నుంచి నల్లటి నెత్తురు కారుతుంటే అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు, మనిషికీ అంటుతుంది. డాక్టరు కూడా దాన్ని కోయకుండానే పాతించమంటాడు.

ఆ మాంసం పంచొద్దు, అమ్మొద్దు. ఆదివారం నేను ఉండగానే ఇద్దరు సంచులు పట్టుకుని వచ్చారు. వెనక్కి పంపించాను.

ఉరిమితే చెట్టు కిందకి పోవద్దు. మందను వదిలేసి అయినా సరే, మీరు గట్టి కప్పు కిందకి చేరండి.

ఇంట్లో పెళ్లి ఉన్నా, చావు ఉన్నా, పొద్దున్నే చొప్ప పడాలి. చొప్ప పడకుండా మంద దొడ్డి దాటొద్దు.

ఈ సెలవుల్లో పిల్లాడికి మంద అప్పజెప్పేవాళ్లు ఇవాళే వాడిని వెంటబెట్టుకుని పోండి. ఊరి చుట్టూ యాసంగి జొన్న కోసిన ప్రతి చేనూ చూపించండి. పిలక తెంపి చేతిలో పెట్టండి.