కొత్త ఉద్యోగంలో కుదురుకోలేకపోతున్నారా? సమస్య ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ఇంటర్వ్యూలో ధైర్యంగా మాట్లాడినవాళ్లం కూడా సీట్లో కూర్చున్నాక నోరు విప్పడానికి జంకుతాం. రెండు మూడు వారాలు గడిచేసరికి "ఇక్కడ నాకు కుదరదేమో" అన్న దిగులు పట్టుకుంటుంది. నేను చూసినంతవరకు దీనికి కారణం చాలాసార్లు పని రాకపోవడం కాదు, అడగాల్సిన రోజున అడగకపోవడం. మీ ఇబ్బంది ఏదో చూసుకుని అక్కడి నుంచే చదవండి.

సమస్య: నిన్న చెప్పింది ఇవాళ గుర్తుండట్లేదు

కారణం: మొదటి వారంలో పేర్లు, పాస్‌వర్డ్‌లు, ఏ ఫైలు ఎక్కడుంటుంది, ఏ పనికి ఎవరిని కలవాలి, అన్నీ ఒకేసారి మీద పడతాయి. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల వరుసలను తనే బట్టీపట్టి, ఎంత మర్చిపోతున్నాడో కొలిచి 1885లో ప్రచురించాడు. మరుపు మొదటి గంటల్లోనే చాలా వేగంగా ఉంటుందని, రోజులు గడిచేకొద్దీ నెమ్మదిస్తుందని తేలింది. కాబట్టి మీ తెలివిని అనుమానించకండి.

పరిష్కారం: ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఇంటికి బయల్దేరేముందు పది నిమిషాలు కూర్చుని ఆ రోజు తెలిసింది మీ మాటల్లో రాయండి, మర్నాడు పొద్దున్నే ఒకసారి చదవండి. ఒక పేజీ ఇలా ఉండొచ్చు: "బిల్లు ముందు టీమ్ లీడ్ చూడాలి, తర్వాతే అకౌంట్స్‌కి. గురువారం సాయంత్రం నాలుగు దాటితే వచ్చే వారానికి పోతుంది. ఎందుకు? అడగాలి." ఆ చివరి రెండు మాటలే ముఖ్యం. ఎందుకో తెలిసిన పని మళ్లీ మర్చిపోం.

సమస్య: కష్టపడి చేసినా "నేనడిగింది ఇది కాదు" అంటున్నారు

ఇది నాకు బాగా తగిలిన దెబ్బ. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా మేనేజర్ "పాత కస్టమర్ల లిస్టు ఒకటి తీసి ఇవ్వు" అన్నారు. సరేనని మూడు రోజులు కూర్చున్నాను. ఎన్నో ఏళ్లుగా మా దగ్గర కొంటున్నవాళ్ల పేర్లు, చిరునామాలు, ఏ ఏడాది ఎంత కొన్నారో లెక్కలు, అన్నీ నీటుగా పేర్చి ఇచ్చాను. ఆయన మొదటి పేజీ చూసి పక్కన పెట్టేశారు. ఆయనకు కావాల్సింది ఈమధ్య కొనడం మానేసినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, అంతే. వాళ్లకు ఫోన్లు చేసి మళ్లీ పిలవాలనుకున్నారట. "పాత" అన్న ఒక్క మాటకు ఆయనకొక అర్థం, నాకొక అర్థం. ఆ మూడు రోజుల్లో నేను ఒక్క నిమిషం కూడా ఖాళీగా లేను, అందుకే ఎక్కువ బాధేసింది.

కారణం: చెప్పేవాళ్లకు సంగతంతా ముందే తెలుసు కాబట్టి క్లుప్తంగా చెబుతారు. వినేవాళ్లు ఖాళీలను ఊహతో నింపుకుంటారు.

పరిష్కారం: పని మొదలుపెట్టేముందే మీకు అర్థమైంది తిరిగి చెప్పండి. ఇది ఎవరు వాడతారు, దేనికి, ఎప్పటికి కావాలి, ఎంత వివరంగా ఉండాలి, ఈ నాలుగూ తేలాలి. ఆ రోజు నేను పంపాల్సిన మెసేజ్ ఇది: "సార్, పాత కస్టమర్లంటే ఏడాదిగా ఏమీ కొననివాళ్లేనా? పేరు, ఫోన్ నంబరు సరిపోతాయా? ముందు పది పేర్లు తీసి మధ్యాహ్నంలోగా చూపిస్తాను. అవి సరిగ్గా ఉంటే మిగతావి పూర్తి చేస్తాను." ఆ పది పేర్లే నా మూడు రోజుల్ని కాపాడేవి. ఇప్పటికీ ఏ పనైనా కొంచెం చేసి చూపించాకే ముందుకెళ్తాను.

సమస్య: అడగాలంటే మొహమాటం

కారణం: "ఇది కూడా తెలీదా" అనుకుంటారన్న భయం. నిజానికి కొత్తవాళ్లు అడుగుతారని అందరికీ తెలుసు. అదే ప్రశ్న ఆరు నెలల తర్వాత అడగడమే కష్టం.

పరిష్కారం: అరగంట మీరే ప్రయత్నించండి. అప్పటికీ తేలకపోతే "ఇలా చేసి చూశాను, ఇక్కడ ఆగిపోయాను" అని వెళ్లి అడగండి. తొందర లేని ప్రశ్నలు పోగుచేసి ఒకేసారి అడగండి. డబ్బు, భద్రత, చెరిపితే తిరిగిరాని సమాచారం లాంటివైతే మాత్రం అరగంట కూడా ఆగొద్దు.

సమస్య: తప్పు చేశాను, ఇంకా ఎవరూ గమనించలేదు

ఆ రోజే చెప్పేయండి. ఏం జరిగింది, దేని మీద ప్రభావం పడుతుంది, ఇప్పటిదాకా మీరేం చేశారు, ఏ సాయం కావాలి, ఈ వరుసలో చెబితే వినేవాళ్లు సర్దే పనిలోకి దిగుతారు. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి బృందాల్లో మందుల పొరపాట్లను పరిశీలించి 1996లో రాసిన పేపర్లో, నాయకత్వం బాగున్న బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదైనట్టు కనబడింది. వాళ్లు భయపడకుండా బయటపెట్టడమే అందుకు కారణమని ఆవిడ వివరించారు. బయటపడిన తప్పునే కదా సరిదిద్దగలం.

సమస్య: ఇక్కడ అందరూ నాకంటే తెలివైనవాళ్లే

కారణం: వాళ్ల ఐదో ఏడాదిని మీ ఐదో వారంతో పోలుస్తున్నారు. బాగా రాణించినవాళ్లకూ ఈ భావన ఉంటుందని 1978లోనే పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు రాశారు.

పరిష్కారం: నోట్‌బుక్‌లో మొదటి వారం పేజీలు తిరగేయండి, ఎంత దూరం వచ్చారో కనిపిస్తుంది. నెల నిండగానే మేనేజర్‌ని "నేను ఎలా చేస్తున్నాను" అని కాకుండా "నేను మార్చుకోవాల్సింది ఒక్కటి చెప్పండి" అని అడగండి. మొదటిదానికి "బాగానే ఉంది" అని వస్తుంది. రెండోదానికి పనికొచ్చే జవాబు వస్తుంది.

ఇవన్నీ చేసినా మారకపోతే

అడిగితే కసురుతున్నారా? చేరేటప్పుడు చెప్పిన పని ఒకటి, చేయిస్తున్నది ఇంకొకటా? అప్పుడు లోపం మీలో వెతకొద్దు. ఆఫర్ లెటర్ తీసి, ఈ నెలలో మీరు నిజంగా చేసిన పనుల లిస్టు పక్కన పెట్టి, ఆ రెండు కాగితాలతో మేనేజర్‌తోనో హెచ్ఆర్‌తోనో కూర్చుని మాట్లాడండి.