జర్మనీలో బ్యాంకు ఖాతా: ముందు చిరునామా సంగతి చూసుకోండి

చదువుకోవడానికి జర్మనీ వచ్చే మనవాళ్లు వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంత సొమ్మే బయటికి వచ్చే ఖాతాలో) ఏడాదికి 11,904 యూరోలు వేసి మరీ విమానం ఎక్కుతారు. ఆ సొమ్ము నెలకు 992 యూరోల చొప్పున చేతికి రావాలంటే మాత్రం మీ పేరున మరో మామూలు ఖాతా ఉండాలి. అసలు తిరుగుడంతా దానికోసమే.

బ్యాంకు మెట్లెక్కే ముందు బ్యూర్గర్‌ఆమ్ట్ (స్థానిక పౌరసేవా కార్యాలయం) మెట్లెక్కాలి. ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా అక్కడ చిరునామా నమోదు చేయించుకోవాలి. అద్దె ఒప్పందం చూపిస్తే సరిపోదు, ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం వేరుగా అడుగుతారు. తాళాలు తీసుకునేటప్పుడే అదీ తీసుకోండి. ‘నమోదు కుదరదు’ అనే గది ఎంత చవకైనా వద్దు. బెర్లిన్‌లాంటి చోట అపాయింట్‌మెంట్ దొరకడం గగనం. ఇక్కడికి రాకముందే, మన ఊళ్లో ఉండగానే వెతకడం మొదలుపెట్టండి. వేరేవాళ్లు రద్దు చేసుకున్న సమయాలు అప్పుడప్పుడు కనిపిస్తుంటాయి.

ఇక తపాలా పెట్టె. చాలామంది దీన్ని పట్టించుకోరు, కొంప మునిగేది ఇక్కడే. జర్మనీలో చాలా భవనాల్లో ఫ్లాట్ నంబర్లే ఉండవు. పెట్టె మీద పేరు చూసి ఉత్తరం వేస్తారు, పేరు లేకపోతే వెనక్కి పంపేస్తారు. బ్యాంకు కార్డు ఒక కవరులో, పిన్ మరో కవరులో, 11 అంకెల పన్ను గుర్తింపు సంఖ్య ఇంకో కవరులో వస్తాయి. దిగిన రోజే చీటీ మీద మీ పేరు రాసి అంటించండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు, అందులో ఇనీషియల్ ఒక్కటే ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. నమోదు పత్రం, దరఖాస్తు, పెట్టె మీది చీటీ, మూడింటిలోనూ పేరు ఒకేలా ఉండాలి.

పన్ను సంఖ్య రాలేదని ఆగిపోనక్కర్లేదు. చాలా బ్యాంకులు తర్వాత ఇవ్వనిస్తాయి. వీడియోలో గుర్తింపు చూపించడానికి కొన్ని బ్యాంకులు మన పాస్‌పోర్టును ఒప్పుకోవు. అప్పుడు పోస్టాఫీసుకు వెళ్లి చూపించే పోస్ట్‌ఇడెంట్ పద్ధతి ఉందేమో అడగండి.

ఏ బ్యాంకూ ఖాతా ఇవ్వకపోతే ‘బాజిస్‌కోంటో’ (కనీస సదుపాయాలుండే ప్రాథమిక ఖాతా) కావాలని రాతపూర్వకంగా అడగండి. చట్టబద్ధంగా నివసిస్తున్న ఎవరికైనా 2016 నుంచి దానిపై హక్కు ఉంది. పూర్తి దరఖాస్తు అందాక పది పనిదినాల్లోగా బ్యాంకు తేల్చాలి. కాదంటే కారణం రాసివ్వాలి. ఆ కాగితంతో బ్యాంకుల నియంత్రణ సంస్థ బాఫిన్‌ను ఆశ్రయించవచ్చు. నెలవారీ రుసుము మాత్రం ముందే చూసుకోండి, మామూలు విద్యార్థి ఖాతా కంటే ఎక్కువే ఉంటుంది.