జాజ్ రికార్డింగ్‌లో ముందు బేస్ వాయించండి

కడప ఎండల్లో మైకు పెట్టి రికార్డ్ చేయాలంటే ఫ్యాన్ ఆపాలి, అదొక నరకం. సాఫ్ట్‌వేర్‌లోనే మోగే వర్చువల్ పియానో, కింది స్వరాలు మోగించే బేస్‌లకు ఆ గొడవ లేదు. ల్యాప్‌టాప్, చిన్న మిడి కీబోర్డు (ఏ కీ నొక్కామో ల్యాప్‌టాప్‌కు చెప్పేది), హెడ్‌ఫోన్స్ చాలు. జాజ్ స్టాండర్డ్స్, అంటే జాజ్‌లో అందరూ వాయించే పాటలు, వాయించేవాళ్లు చాలామంది పియానోతో మొదలుపెడతారు. నా మాట విని బేస్‌తో మొదలుపెట్టండి.

సాఫ్ట్‌వేర్‌లో బీట్ లెక్కపెట్టే క్లిక్ ఆపేసి, డ్రమ్ ట్రాక్‌లో 2, 4 బీట్ల మీద మాత్రం హై-హ్యాట్ (జంట తాళాల చప్పుడు) పెట్టుకోండి. మనకు సమం (ఒకటో బీట్) మీద బరువు వేయడం అలవాటు కదా, మొదట్లో కాస్త టెన్షన్ పెడుతుంది. బారుకు, అంటే నాలుగు బీట్ల ఆవర్తానికి, నాలుగు నోట్లు: ఒకటో బీట్‌కు కార్డ్ రూట్ (కార్డ్ పేరులో ఉన్న స్వరం), నాలుగో బీట్‌కు రాబోయే రూట్‌కు అర స్వరం (పక్క కీ) పైనో కిందో. డి మైనర్ 7 నుంచి జి 7కు వెళ్తుంటే డి, ఎఫ్, ఎ, ఎ ఫ్లాట్ వాయించి జి మీద దిగండి. బీట్‌కో నోటుతో నడిచే వాకింగ్ బేస్ అక్కడే పుడుతుంది. మామూలు డబుల్ బేస్‌లో అన్నిటికన్నా కింది తీగ ఇ, సుమారు 41 హెర్ట్జ్. అంతకంటే కిందికి పోకండి.

తర్వాత పియానో. ఎడమ చేత్తో రూట్ ముట్టుకోవద్దు, అది బేస్ చూసుకుంటుంది. రూట్ నుంచి లెక్కపెడితే వచ్చే 3, 7 స్వరాలు చాలు. డి మైనర్ 7కు ఎఫ్, సి. జి 7కు ఎఫ్, బి. కదిలేది ఒక్క వేలే!

నోట్లను సరిగ్గా బీట్ మీదికి జరిపే క్వాంటైజ్ నూరు శాతం పెడితే మాత్రం పాత మొబైల్ రింగ్‌టోనే. సగం దగ్గర ఆపి, మిగతాది చెవికి వదిలేయండి. బేస్ ఎంత ఉందో ల్యాప్‌టాప్ స్పీకర్‌లో తేల్చుకోకండి, ఆ కింది స్వరాలు అందులో సరిగా వినపడవు.